ఆపే చెయ్యి

చొక్కా ఇస్త్రీ చేసేటప్పుడు ఆమె ముందు కాలరు చేస్తుంది. సాక్సఫోన్ బరువు మోసే పట్టీని మెడకు తగిలించుకుంటారు కాబట్టి కాలరు అక్కడ రుద్దుకుపోయి పీచు తేలుతుంది. దాన్ని తడిగుడ్డ వేసి నెమ్మదిగా అణచాలి. తరవాత భుజాలు, తరవాత చేతులు, ఆఖరున బొత్తాల పట్టీ. పదకొండేళ్ళుగా ఇదే వరస. ఆ మంగళవారం పొద్దున ఆమె కాలరు దగ్గరే ఉంది. వంటింటి గట్టు మీద రేడియోలో ఆమె భర్త మాట్లాడుతున్నాడు. ఆయన్ని వీధిలో వాళ్ళూ, అభిమానులూ, ఆఖరికి పాలు పోసే మనిషి కూడా సాక్సు మాస్టారనే అంటారు కాబట్టి మనమూ మాస్టారనే అందాం, మన సొమ్మేం పోయింది.

రేడియోలో ఒకావిడ వినయంగా అడిగింది. ముందుగా ఏమీ రాసుకోకుండా వాయించే సంగీతం కదండీ, మరి ఎక్కడ ఆపాలో మీకు ఎలా తెలుస్తుంది అని. మాస్టారు గొంతు తగ్గించి, అది లోపల్నుంచి వస్తుందమ్మా, ఒక ఘడియలో ఇక చాలు అని నాకే తెలిసిపోతుంది అన్నాడు. ఆమె తడిగుడ్డ తిరగేసింది. ఆదివారం మీ ముగ్గురి కచేరీ మా హాల్లోంచే నేరుగా ప్రసారం చేస్తున్నాం, ఆ తరవాత ఏమిటండీ మీ కార్యక్రమం అని ఆవిడ అడిగింది. తరవాత మూడు నెలలు ఊళ్ళు తిరుగుతున్నాను, కొత్త బేస్ వాయిద్యకారుడు వస్తున్నాడు అన్నాడు మాస్టారు. మరి ఇన్నాళ్ళూ బేస్ వాయించిన మీ శ్రీమతిగారు అంది ఆవిడ. దానికాయన నవ్వి, "ఆవిడకి ఇల్లుంది కదండీ. అయినా ఆవిడ చేసేది పెద్దగా ఏమీ ఉండదు లెండి, నా వెనకాల నిలబడుతుంది," అన్నాడు.

మీరు ఊహించినట్టు చొక్కా కాలలేదు. కథల్లో అయితే ఇలాంటప్పుడు చొక్కా కాలుతుంది, పాలు పొంగుతాయి, చేతిలో గిన్నె జారిపోతుంది. ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ప్లగ్గు తీసి, చొక్కాను హ్యాంగరుకు తగిలించి, అప్పుడు కూర్చుంది. తనను తీసేసిన సంగతి తన వంటింట్లో, తన రేడియోలో, ఊరందరితో పాటు తెలుసుకుంది. అరికాలి మంట నెత్తికెక్కింది. లోపల్నుంచి అత్తగారు, మోకాలికి ఆపరేషనై మంచం మీదున్న మనిషి, మావాడు ఎంత బాగా మాట్లాడాడో విన్నావుటే అని కేకేసింది. విన్నానండీ అంది ఆమె.

ఆ సంగీతం సంగతి తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. దాన్ని ఫ్రీ జాజ్ అంటారు. వీళ్ళ బృందంలో ముగ్గురే. ముందు నిలబడి సాక్సఫోన్ ఊదేది మాస్టారు. వెనక డ్రమ్ములు వాయించే ఆయన వయసులో పెద్దవాడు, ఆమె అన్నయ్యా అని పిలుస్తుంది. పక్కన తనకంటే జానెడు ఎత్తున్న బేస్‌ని భుజానికి ఆనించుకుని, నాలుగు లావాటి తీగల మీద వేళ్ళతో వాయించేది ఆమె. ముందు రాసుకున్న పాట ఉండదు, ఇంతసేపని లెక్క ఉండదు. ఒకరిని ఒకరు వింటూ అక్కడికక్కడ పుట్టించాలి. మొదలుపెట్టడం ఎవరైనా మొదలుపెడతారు. తిప్పలన్నీ ఆపడం దగ్గరే. ముగ్గురూ ఒక్కసారే, ఇది ఇక్కడితో అయిందని ఒప్పుకుని ఆగాలి. అలా ఆగకపోతే అంతసేపు చేసిందంతా గాలికి పోతుంది.

ఆ ఆపడం పెళ్ళైన కొత్తలో ఒకరోజు ఆమె చేతికి వచ్చింది. చిన్న హాలు, యాభై మంది జనం. మాస్టారు కళ్ళు మూసుకుని ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాడు. అద్భుతంగానే వెళ్ళాడు, కాదనకూడదు, ఆయన ఊదితే ఒంటి మీద రోమాలు లేచేవి. కానీ ఒక దశలో ఆయన కుడిభుజం చెవి దాకా లేవడం, అవే నాలుగు స్వరాలు తిప్పి తిప్పి ఊదడం ఆమె చూసింది. ఇంట్లో కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో మరిచిపోయి వెతికేటప్పుడు కూడా ఆయన భుజం అలాగే లేస్తుంది. అయ్యో, దారి తప్పాడు అనుకుంది. అన్నిటికంటే లావు తీగను ఒక్కసారి మీటి, ఖాళీ వదిలింది. మళ్ళీ మీటి, ఇంకాస్త ఎక్కువ ఖాళీ వదిలింది. మూడోసారికి ఆయన స్వరం వచ్చి ఆ తీగ మీద వాలింది. డ్రమ్ములు ఆగాయి. జనం లేచి నిలబడ్డారు. ఇంటికి వస్తూ దారిలో, చూశావా ఎలా దించానో అన్నాడాయన. ఆమె నవ్వింది. కొత్త పెళ్ళికూతురు కదా, ఆ తెలియకపోవడం కూడా ముద్దుగానే కనిపించింది. తరవాత కచేరీలో మళ్ళీ దించింది, ఆ తరవాత మళ్ళీ. రాత్రి పడుకోబోయే ముందు గ్యాసు కట్టేసినట్టు అదొక పనైపోయింది. కట్టేసినందుకు ఎవరూ మెచ్చుకోరు. పత్రికల్లో మాత్రం రాశారు, మాస్టారి ముగింపులు ధ్యానంలాంటివని. ఆ కత్తిరింపులను కూడా పుస్తకంలో ఆమే అంటించింది.

మిగతా పనులు చెప్పాలంటే ఒక పూట చాలదు. సాక్సఫోన్ మూతికి కట్టే రెల్లు రేకులు పెట్టెలకు పెట్టెలు వస్తాయి, వాటిని నీళ్ళలో నానబెట్టి, వెలుతురుకు పట్టి చూసి, మంచివి ఒకవైపు, పనికిరానివి ఒకవైపు ఏరేది ఆమె. కచేరీ అయ్యాక గొట్టంలో చేరిన ఉమ్మి గుడ్డతో తుడిచేది ఆమె. బేస్‌ని మూడంతస్తుల మెట్లు దింపేదీ ఎక్కించేదీ ఆమె, ఆయన చేతులు నాజూకు కాబట్టి. సాధన వాళ్ళ ముందుగదిలోనే జరుగుతుంది. మధ్యలో ఆపి కాఫీ పెట్టి, కప్పులు కడిగి, తడి తుడుచుకుని వచ్చి మళ్ళీ నిలబడాలి. అంట్లు తోమిన వేళ్ళు మెత్తబడిపోతాయి, మెత్తబడ్డ వేళ్ళను తీగ కోస్తుంది. చూడండి కోసుకుపోయింది అంటే, తడి చేతులతో తీగలు ముట్టుకోకు, తుప్పు పడతాయి అన్నాడు మహానుభావుడు. తన కప్పు తానే కడుక్కునే మగవాడు ఆ ఇంట్లో డ్రమ్ముల అన్నయ్య ఒక్కడే, అదీ పరాయివాడు.

ఇక అత్తగారి సంగతి. ఆవిడకు బేస్ అంటే మొదటి నుంచీ ఒళ్ళుమంట. ఆడపిల్ల నలుగురిలో అంత కొయ్యను కావలించుకుని నిలబడటమేమిటే, చూసేవాళ్ళు ఏమనుకుంటారు అనేది. కొన్నాళ్ళకు కొడుక్కి పేరొచ్చింది, ఇంటికి జనం రావడం మొదలైంది, అప్పుడు మాట మార్చింది. మా కోడలికి కూడా ఏదో కాస్త వాయించడం వచ్చులెండి, ఇంట్లో ఊరికే కూర్చోలేక వెళుతుంది అని వచ్చినవాళ్ళకు చెప్పేది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ట్రే పట్టుకుని పక్కనే నిలబడి ఉండేది. అవన్నీ కడుపులో దాచుకుంది. పోనీలే, వేదిక ఎక్కిన ఆ గంటసేపు నాది అనుకునేది. ఆ గంట కోసమే మిగతా ఇరవైమూడు గంటలూ నోరు మూసుకుని గడిపింది. ఇప్పుడు ఆ గంట కూడా లాక్కుంటున్నారు.

సాయంత్రం మాస్టారు ఇంటికి వచ్చి, కాళ్ళు చాపి కూర్చున్నాక, రేడియో విన్నానండీ అంది.

"ఓ, విన్నావా? నేనే చెబుదామనుకున్నాను," అన్నాడు, కాఫీలో పంచదార సరిపోలేదన్నంత తేలిగ్గా. "అమ్మ మోకాలి సంగతి నీకు తెలుసు కదా. మూడు నెలలే. వచ్చే ఆయన కాలేజీలో చదువుకున్నవాడు, పద్ధతిగా వాయిస్తాడు."

"నాకు పద్ధతి లేదా?"

ఆయన ఆమె వంక జాలిగా చూశాడు. ఆ జాలి ఒక్కటీ లేకపోయినా బాగుండేదేమో. "నువ్వు నా పక్కన నిలబడి నేర్చుకున్నావు. అదే చిక్కు. నేను లేకపోతే నీకు వాయించడానికి ఏముంది చెప్పు?"

ఆమె కప్పు తీసుకుని లోపలికి వెళ్ళింది. మూడు నెలలంటున్నాడు కానీ ఆమెకు తెలుసు, ఒకసారి పక్కకు జరిపిన మనిషి కోసం మళ్ళీ చోటు ఖాళీ చెయ్యరు. కొత్తాయనకు పద్ధతి అలవాటైందంటారు, అత్తగారికి ఆమె సేవ అలవాటైందంటారు, బేస్ వసారాలో ఓ మూల దుమ్ము కొట్టుకుంటుంది. పళ్ళెం తోముతూ, వేళ్ళ చివర కాయలు కాచిన చోట పీచుతో రుద్దుతూ ఆమె గట్టిగా అనుకుంది, నేను వీణ్ణి ఊరికే వదలను. అలా ఏకవచనంలో అనుకోవడం పదకొండేళ్ళలో అదే మొదటిసారి. ప్రాణం హాయిగా ఉంది.

ఆ నాలుగు రోజులూ ఆమె పగతో కాపురం చేసింది. లేస్తే అదే ధ్యాస, పడుకుంటే అదే ధ్యాస. రెల్లు రేకుల్లో పగిలినదాన్ని పైకి పెడితే? సాక్సఫోన్ మెడగొట్టం కనబడకుండా దాచేస్తే? అసలు వెళ్ళకుండా ఇంట్లో తలుపేసుకుని పడుకుంటే? ఒక్కొక్కటీ చేసినట్టే ఊహించుకుని, రుచి చూసి, పక్కన పెట్టింది. ఇవన్నీ చేస్తే తప్పు తనదవుతుంది. ఏదో ఆడదాని అలక, ఈర్ష్య అంటారు, పాపం మాస్టారు అంటారు. పాపం అనిపించుకునే అవకాశం మాత్రం ఆయనకు ఇవ్వదలచుకోలేదు. గురువారం మధ్యాహ్నం రేకులు ఏరుతూ ఉండగా తట్టింది. అసలేమీ చెయ్యక్కర్లేదు. ఈ రెండు చేతులతో ఆయనకు చేసిపెట్టే వంద పనుల్లో ఒక్కటి మానేస్తే చాలు. మిగతా తొంభైతొమ్మిదీ వంక పెట్టడానికి వీల్లేనంత బాగా చేస్తుంది. అన్నిటికంటే మంచి రేకు ఏరి పైన పెట్టింది, ఇంత మంచిది దొరకడం కూడా నా అదృష్టమే అనుకుంటూ.

ఆదివారం రేడియో వాళ్ళ హాల్లో వంద కుర్చీలూ నిండాయి. మొదటి వరసలో, కొడుకు కచేరీ కోసం మంచం దిగి చేతికర్రతో వచ్చిన అత్తగారు. గోడ మీద పెద్ద గడియారం, దాని పక్కన ఎర్రదీపం. అది వెలుగుతున్నంతసేపూ ఇక్కడి చప్పుడంతా ఊరంతా వింటుంది. రేడియోలో మాట్లాడిన ఆవిడే ఓ పక్క బల్ల దగ్గర కూర్చుని ముందే వివరంగా చెప్పింది, నాలుగు పదికి మొదలు, నాలుగు యాభైకి ముగించాలి, ఆ తరవాత మాస్టారితో నేను కాసేపు మాట్లాడతాను, ఐదింటికి వార్తలు అని. మాస్టారు చిరునవ్వు నవ్వి, మీరేం కంగారు పడకండి, నిమిషం అటూ ఇటూ కాదు అన్నాడు.

వేదిక పక్కన నడవలో డ్రమ్ముల అన్నయ్య కర్రలు తుడుచుకుంటున్నాడు. ఆయన చూపు ఎప్పుడూ ఆమె కుడిచేతి మీదే ఉంటుంది కాబట్టి ఆయనకు అన్నీ తెలుసు. ఈ పదకొండేళ్ళలో ఒక్క మాట బయటికి అనలేదు కానీ, ప్రతి కచేరీకీ ముందు, అమ్మాయ్, ఇవాళ ఎక్కడ దింపుతున్నావు అని అడిగేవాడు. ఆరోజూ అడిగాడు.

"ఇవాళ దించను అన్నయ్యా."

ఆయన కర్రలు తుడవడం ఆపి ఆమెను చూశాడు. ఈయన కాదంటే అంతా బెడిసికొడుతుంది మరి. ఆయన మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. "నాకు మటుకు ఆపడం ఎప్పుడొచ్చింది అమ్మాయ్," అన్నాడు. "నువ్వు ఆపితే ఆపేవాణ్ణి."

ఎర్రదీపం వెలిగింది. మాస్టారు కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. ఆరోజు ఆయన వాయించిన వాయింపు గురించి ఇప్పటికీ చెవులు కోసుకునేవాళ్ళున్నారు, అది అబద్ధం కాదు. ఆమే ఆయన్ని వాయింపించింది. ఆయన పైకి వెళితే కింద గట్టిగా నిలబడింది, పక్కకు వెళితే అక్కడికి ముందే వెళ్ళి ఎదురొచ్చింది. ఆయన అలసిన చోటల్లా కొత్త దారి చూపించింది. పైకి వెళ్ళు నాయనా, ఇంకా పైకి, ఎంత ఎత్తుకు వెళితే అంత మంచిది అనుకుంటూ వాయించింది. వేళ్ళు మండుతున్నాయి, ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. ముప్పై నిమిషాల పాటు హాల్లో ఒక్కరూ దగ్గలేదు. ఇంత బాగా నేను ఎప్పుడూ వాయించలేదు, ఇది చూడటానికి ఈయనకు కళ్ళు తెరిచే తీరిక లేదు అనుకుంది.

నాలుగు నలభైయెనిమిదికి కుడిభుజం లేచింది. అవే నాలుగు స్వరాలు. ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు. లావు తీగ ఆమె చూపుడువేలి కింద సిద్ధంగా ఉంది. వేలు అలవాటుకొద్దీ దాని మీదికి వెళ్ళబోయింది కూడా. ఆమె దాన్ని వెనక్కి లాక్కుని, సన్న తీగ మీద చకచకా పైకి ఎక్కే వరస ఒకటి వాయించింది. మాస్టారు దాని వెంట పడ్డాడు, పాపం, వేరే దారి లేదు. యాభై దాటింది. బల్ల దగ్గర ఆవిడ గాలిలో వేలు గుండ్రంగా తిప్పుతూ ఇక ముగించమని సైగ చేసింది, కళ్ళు మూసుకున్నవాడికి సైగ ఏం కనిపిస్తుంది. అప్పుడావిడ ఆమె వైపు తిరిగి, కాస్త మీరైనా ఆపండమ్మా అన్నట్టు చూసింది. ఇంట్లో మగవాడు మితిమీరితే ఎవరైనా సరే చివరికి చూసేది పెళ్ళాం వైపే. ఆమె మర్యాదగా చిరునవ్వు నవ్వి వాయిస్తూనే ఉంది.

యాభైరెండు. సాక్సఫోన్‌లో బొంగురు వచ్చింది. అది కూడా కళే కాబోలనుకుని వెనక వరసలో గడ్డమాయన ఒకడు తల పంకించాడు. యాభైమూడు. కింది పెదవి చిట్లి మౌత్‌పీస్ మీద ఎర్రగా మెరిసింది. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. మొదటి వరసలోంచి అత్తగారు, ఊరంతా వింటోందన్న సంగతి మరిచి, "ఏమే, వాడికి కాసిని నీళ్ళియ్యవే," అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమెకు ఆ క్షణంలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మనసు కరిగింది. ఆ మెడ మీద నరాలు తేలి ఉన్నాయి, తను ఇస్త్రీ చేసిన కాలరు చెమటతో ముద్దయింది. పాపం, ఈయనకు ఎన్నడూ తెలియదు కదా, నిజంగానే లోపల్నుంచి వస్తుందని నమ్ముతున్నాడు కదా, తెలియనివాడి మీద ఇంత కసి ఎందుకు, దించేద్దామా అనిపించింది. వేలు లావు తీగ దాకా వెళ్ళింది.

అప్పుడు మాస్టారు కళ్ళు తెరిచాడు. వేదిక మీద పదకొండేళ్ళలో మొదటిసారి వెనక్కి తిరిగాడు. డ్రమ్ముల వైపు చూడలేదు. గడియారం వైపు చూడలేదు. ఆమె మొహం వైపు కూడా చూడలేదు. తిన్నగా ఆమె కుడిచేతి వైపు, లావు తీగ వైపు చూశాడు. ఎక్కడ చూడాలో వెతుక్కోలేదు.

తెలుసు. ఈ మనిషికి మొదటిరోజు నుంచీ తెలుసు. చూశావా ఎలా దించానో అని దారిలో అన్నప్పుడూ తెలుసు, ధ్యానమని పత్రికల్లో రాసినప్పుడూ తెలుసు, మంగళవారం రేడియోలో గొంతు తగ్గించి మాట్లాడినప్పుడూ తెలుసు. తెలియదు కాబోలు పాపం అని తను పదకొండేళ్ళు వెనకేసుకొచ్చింది ఇతన్నా? ఆమె వేలు తీగ మీద నుంచి తీసేసింది, ఈసారి నిదానంగా, ఆయనకు బాగా కనబడేలా. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. అది కళ్ళారా చూసింది. చూసి తృప్తిపడింది, అందుకు ఆమె ఇప్పటికీ సిగ్గుపడదు.

సాక్సఫోన్ కీచుమని ఆగింది. ఒక ముగింపుగా కాదు, ఊపిరి అయిపోయి ఆగింది. డ్రమ్ములూ ఆగాయి. మాస్టారు పెదవి తుడుచుకుంటూ, ఎదురుగా మైకు ఉందన్న ధ్యాస లేకుండా, రొప్పుతూ అన్నాడు.

"ఆపవేం? ఎప్పుడూ నువ్వే కదా ఆపేది?"

ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. బల్ల దగ్గర ఆవిడ ప్రసారం ఆపే మీట మీద చెయ్యి పెట్టి, నొక్కకుండా ఆమెనే చూస్తోంది. ఊళ్ళో ప్రతి వంటింట్లోనూ ఆ మాట పడిందని ఆమెకు అర్థమైంది. ఇక దానికి తను చేర్చాల్సింది ఏమీ లేదు, అయినా ఆయన అడిగాడు కాబట్టి జవాబు చెప్పడం మర్యాద అనుకుంది. రోజూ భోజనానికి పిలిచే గొంతుతోనే చెప్పింది.

"ఆ కొత్తాయన్ని అడగండి."

గడియారంలో నాలుగు యాభైయారు. వార్తలకు ఇంకా నాలుగు నిమిషాలుంది. ఆమె బేస్‌ని భుజానికి ఆనించుకుని, మాస్టారికి వీపు పెట్టి, డ్రమ్ముల అన్నయ్య వైపు తిరిగి, తనే మొదలుపెట్టింది.